మావోనే బురిడీ కొట్టించిన లెక్కల మాస్టారు.. నిఘా సంస్థే నడిపిన నకిలీ మావోయిస్టు పార్టీ కథ ఇదీ!

పార్టీకి పేరుంది. ప్రధాన కార్యదర్శి ఉన్నారు. సొంత పత్రిక ఉంది. బీజింగ్ నుంచి రాచమర్యాదలతో ఆహ్వానాలు కూడా వచ్చేవి. లేనిదల్లా ఒక్కటే.. పార్టీ!

నెదర్లాండ్స్‌లో 1960ల చివర్లో ఒక చిన్న మావోయిస్టు పార్టీ పుట్టింది. పేరు మార్క్సిస్ట్-లెనినిస్ట్ పార్టీ ఆఫ్ నెదర్లాండ్స్, పొట్టిగా ఎంఎల్‌పీఎన్. తమకు వందల మంది సభ్యులున్నారని చైనాకు చెప్పుకుంది. నిజంగా ఉన్నది ఓ డజను మంది. మిగతా కథంతా నడిపింది ఆ దేశ నిఘా సంస్థ. పార్టీ అధినేత ఒక లెక్కల మాస్టారు. ఆయన బీజింగ్ వెళ్లి మావోను కలిశారు. చౌ ఎన్‌లైని కలిశారు. అల్బేనియా వెళ్లి ఎన్వర్ హోజానూ కలిశారు. వాళ్లెవరికీ అనుమానం రాలేదు. దాదాపు పాతికేళ్లు ఈ నాటకం సాగింది. 2004లో ఒక పుస్తకం బయటికొచ్చాక గానీ లోకానికి అసలు సంగతి తెలియలేదు.

వినడానికి సినిమా కథలా ఉంది. కానీ ఇందులో నవ్వుకుని వదిలేయలేని విషయం కూడా ఒకటుంది. ఆ డజను మందిలో చాలామంది నిజంగానే నమ్మి చేరినవాళ్లు!

ఒకే జెండా.. రెండు ముక్కలు

ఈ కథ అర్థం కావాలంటే ముందు రష్యా-చైనా గొడవ తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రపంచానికి మాస్కోనే పెద్దదిక్కు. 1949లో చైనాలో మావో అధికారంలోకి వచ్చాక కూడా మొదట్లో ఇద్దరూ అన్నదమ్ముల్లాగే ఉన్నారు. 1956లో సీన్ మారింది. స్టాలిన్ చనిపోయిన మూడేళ్లకు సోవియట్ నేత కృశ్చేవ్ పార్టీ మహాసభలో ఆయన పాలనను రహస్య ప్రసంగంలో ఎండగట్టారు. పెట్టుబడిదారీ దేశాలతో శాంతియుత సహజీవనం సాధ్యమేనన్నారు. మావోకు ఇది నచ్చలేదు. విప్లవాన్ని పక్కన పెట్టేస్తున్నారని చైనా ఆరోపించింది.

1960లో సోవియట్ యూనియన్ చైనాలో పనిచేస్తున్న తన నిపుణులను వెనక్కి పిలిపించుకుంది. ప్రాజెక్టులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 1963 నాటికి రెండు పార్టీలు బహిరంగంగా లేఖలు రాసుకుంటూ తిట్టుకున్నాయి. 1969 మార్చిలో ఉసూరి నదిలోని ఒక దీవి కోసం రెండు దేశాల సైనికులు కాల్పులు జరుపుకొనే దాకా వెళ్లింది వ్యవహారం.

ఈ గొడవ ప్రపంచమంతా పాకింది. దాదాపు ప్రతి దేశంలోనూ కమ్యూనిస్టు పార్టీలు చీలాయి. కానీ ఐరోపాలో పెద్ద పార్టీలేవీ చైనా వైపు రాలేదు. అధికారంలో ఉన్న పార్టీల్లో చిన్న దేశమైన అల్బేనియా ఒక్కటే మావోకు అండగా నిలిచింది. దీంతో చైనాకు ఐరోపాలో మిత్రులు కావాలి. పది మంది ఉన్న బృందమైనా సరే, 'మేం మీ వైపే' అంటే చాలు.. బీజింగ్‌లో తలుపులు తెరుచుకునేవి. నెదర్లాండ్స్ నిఘా వర్గాలు పట్టుకున్న కిటుకు సరిగ్గా ఇదే.

ఎవరీ బీవీడీ?

నెదర్లాండ్స్ దేశీయ భద్రతా సంస్థ పేరు బీవీడీ. 1949లో ఏర్పడింది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి దాని మొదటి గురి నెదర్లాండ్స్ కమ్యూనిస్టు పార్టీ సీపీఎన్ మీదే.

సీపీఎన్ అప్పట్లో తీసిపారేసే పార్టీ కాదు. నాజీల ఆక్రమణ కాలంలో ప్రతిఘటన ఉద్యమంలో ముందు నిలిచింది. ఆ గౌరవంతోనే 1946 ఎన్నికల్లో 100 సీట్ల దిగువ సభలో 10 సీట్లు గెలిచింది. అయితే 1956లో హంగేరీ తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేసినప్పుడు జనంలో ఆగ్రహం కట్టలు తెంచుకుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పార్టీ కార్యాలయంపై జనం దాడి చేశారు. అక్కడి నుంచి పార్టీ బలం తగ్గుతూ వచ్చింది.

ఈ సీపీఎన్‌ను బీవీడీ ఏళ్ల తరబడి కంటికి రెప్పేయకుండా గమనించింది. సమావేశాల్లో ఎవరేం మాట్లాడారు, పత్రికలో ఏం రాశారు, ఎవరితో ఎవరికి పడట్లేదు.. అన్నీ ఫైళ్లకెక్కాయి. దీంతో ఒక వింత జరిగింది. కమ్యూనిస్టులను పట్టుకోవడానికి చదివి చదివి, కమ్యూనిస్టు భాషను కమ్యూనిస్టుల కన్నా బాగా నేర్చుకున్న అధికారులు ఆ ఆఫీసులో తయారయ్యారు. తర్వాత పార్టీ పత్రిక రాయడానికి అక్కరకొచ్చింది ఆ చదువే.

మాస్టారు ఎలా దొరికారు?

పీటర్ బూవే. సముద్రం ఒడ్డున ఉన్న జాండ్‌వోర్ట్ అనే పట్టణంలో ఉండేవారు. వృత్తి గణితం బోధించడం.

1957లో మాస్కోలో ప్రపంచ యువజనోత్సవం జరిగింది. జులై చివర్లో మొదలై ఆగస్టు 11 వరకు సాగిన ఆ వేడుకకు 130 దేశాల నుంచి దాదాపు 34 వేల మంది యువతీయువకులు వచ్చారు. వారిలో బూవే ఒకరు. అక్కడి నుంచే ఆయనకు చైనా నుంచి పిలుపు వచ్చింది. రష్యా-చైనా విభేదాలు అప్పటికి పూర్తిగా బయటపడలేదు. కానీ పశ్చిమ ఐరోపా నుంచి ఎవరొస్తారా అని బీజింగ్ చూస్తోంది.

బీజింగ్‌తో ఏర్పడిన ఈ పరిచయాన్ని బీవీడీ బంగారు బాతులా చూసింది. చైనా అంటే అప్పట్లో మూసిన కోట. విలేకరులకు ప్రవేశం తక్కువ. దౌత్యవేత్తలకు సామాన్యులతో మాట్లాడే వీల్లేదు. అలాంటి చోటికి అతిథిగా వెళ్లి వచ్చే మనిషి చేతిలో ఉన్నాడు. 'మావో భావాలంటే నాకిష్టం' అన్నట్టు నటించమని బీవీడీ ఆయన్ను ప్రోత్సహించింది. ఆయన ఒప్పుకున్నారు. ఈ ఆపరేషన్‌కు బీవీడీ పెట్టుకున్న పేరు 'మంగోల్'. అమెరికా సీఐఏ దీనికి పెట్టిన పేరు 'రెడ్ హెర్రింగ్'. వేటకుక్కల దారి తప్పించే ఎర అని ఆ మాటకు అర్థం. పేరులోనే గుట్టంతా ఉంది!

పార్టీ పెట్టారు.. సభ్యులు ఏరీ?

ఒంటరి సానుభూతిపరుడికి బీజింగ్‌లో ఒక స్థాయి వరకే విలువ. అదే ఒక పార్టీ ప్రధాన కార్యదర్శి అయితే లెక్క వేరు. నేరుగా అగ్రనేతలతో భేటీలు, విందులు, రహస్య చర్చలు. అందుకే పార్టీ పెట్టాల్సి వచ్చింది.

అలా పుట్టిందే ఎంఎల్‌పీఎన్. బూవే అక్కడ బూవే కాదు.. 'క్రిస్ పీటర్సన్'. పగలు స్కూల్లో లెక్కల మాస్టారు. పార్టీ పనికొస్తే ప్రపంచ విప్లవ నాయకుడు కామ్రేడ్ పీటర్సన్.

పార్టీ సభ్యుల సంఖ్య 600 దాకా ఉన్నట్టు చైనాను నమ్మించారు. నిజంగా చేరింది డజను మంది. వాళ్లలోనూ చాలామందికి పార్టీ వెనక ఎవరున్నారో తెలియదు. 'డె కొమ్యూనిస్ట్' పేరుతో పార్టీ పత్రిక వచ్చేది. అందులో సోవియట్ రివిజనిస్టుల మీద నిప్పులు కురిసేవి. ఛైర్మన్ మావోకు జేజేలు ఉండేవి. ఆ రాతలన్నీ రాసింది మాత్రం బీవీడీ ఉద్యోగులే. పన్నులు కట్టే జనం డబ్బుతో జీతం తీసుకుంటూ, ప్రభుత్వాన్ని కూల్చాలని ప్రభుత్వ ఉద్యోగులే వ్యాసాలు రాయడమన్నమాట!

ఖర్చు సంగతేంటి? ఇక్కడే అసలు ట్విస్ట్. విదేశాల్లో తన వైపున్న పార్టీలకు చైనా డబ్బు సాయం చేసేది. ఈ పార్టీకి కూడా ఆ సాయం అందింది. అంటే తన మీద జరుగుతున్న గూఢచర్యానికి కొంత ఖర్చు చైనాయే భరించిందన్నమాట.

ఇరవైసార్లకు పైగా చైనాకు

బూవే ఇరవైసార్లకు పైగా చైనా వెళ్లొచ్చారు. జాతీయ ఉత్సవాలకు పిలుపులు. గ్రేట్ హాల్ ఆఫ్ ద పీపుల్‌లో విందు. నేతలతో కరచాలనాలు. ది హేగ్‌లోని చైనా దౌత్య కార్యాలయం అధికారులు ఇంటివాడిలా చూసుకునేవారు.

ఆ రోజుల్లో రెండు దేశాల మధ్య పరిస్థితి ఏమంత బాగోలేదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 1966 జులైలో ది హేగ్‌లో ఒక వింత ఘటన జరిగింది. వెల్డింగ్ సదస్సు కోసం వచ్చిన చైనా ఇంజనీర్ ఒకరు తాము బస చేసిన ఇంటి బయట ఫుట్‌పాత్ మీద తీవ్ర గాయాలతో కనిపించారు. డచ్చి అధికారులు ఆసుపత్రిలో చేర్పిస్తే, చైనా సిబ్బంది వచ్చి ఆయన్ను అక్కడి నుంచి తీసుకెళ్లిపోయారు. తర్వాత ఆయన చనిపోయారు. నెదర్లాండ్స్ చైనా దౌత్యాధికారిని దేశం నుంచి పంపించేసింది. మిగతా ఇంజనీర్లు దౌత్య భవనంలోనే ఉండిపోయారు, బయట పోలీసులు కాపలా కాశారు. ప్రతీకారంగా బీజింగ్‌లో డచ్చి దౌత్యాధికారిని చైనా కదలనివ్వలేదు. ఏడాది చివరికి గానీ ఈ చిక్కు వీడలేదు.

ఒక దేశం అధికారిక దౌత్యవేత్తే గడప దాటలేని చోట, అదే దేశ గూఢచారి దర్జాగా తిరిగి రావడం.. ఈ ఆపరేషన్ విలువ ఎంతో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చైనా ఎందుకు నమ్మింది?

చైనా నిఘా వర్గాలు అమాయకులేం కాదు. మరి ఎందుకు మోసపోయారు? మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, అవసరం. ప్రపంచ విప్లవానికి నాయకత్వం మాదేనని చెప్పాలంటే ప్రపంచంలో అనుచరులు కనపడాలి. విదేశీ పార్టీల నుంచి వచ్చే అభినందన సందేశాలను చైనా పత్రికలు ప్రముఖంగా అచ్చేసేవి. సందేశం పంపిన పార్టీ ఎంత పెద్దదని ఆరా తీయడం ఎవరికీ అంత అవసరం అనిపించలేదు.

రెండోది, భాష. ఒక పార్టీ నిజమైనదా కాదా అని వేల మైళ్ల దూరం నుంచి చూసేవారికి కనిపించేది పత్రిక, కరపత్రాలు, ప్రసంగాలే. వాటిలో సిద్ధాంతం ఎక్కడా తప్పలేదు. తప్పేదెలా? రాసేవాళ్లు ఆ సిద్ధాంతాన్ని వృత్తిగా చదివినవాళ్లాయె!

మూడోది, సమాచారం దారి. నెదర్లాండ్స్ మావోయిస్టుల గురించి చైనాకు చెప్పేవాళ్లలో ముఖ్యుడు ఆ పీటర్సన్ గారే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే ఇంటికి కాపలాదారు కూడా.

బీవీడీకి ఏం దక్కింది?

రెండు లాభాలు. చైనా అగ్రనేతలు ఏమనుకుంటున్నారు, ఐరోపాలో ఎవరికి సాయం చేస్తున్నారు, మాస్కోతో గొడవ ఎంత దూరం వెళ్తుంది.. ఇలాంటి సంగతులు వాళ్ల నోటి నుంచే విని రాసుకునే అవకాశం దొరికింది. ఆ కాలంలో చైనా గురించి పశ్చిమ దేశాలకు తెలిసింది చాలా తక్కువ. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వెళ్లే దాకా పరిస్థితి అదే.

ఇక రెండోది ఇంటిపోరు. సీపీఎన్‌కు పోటీగా చిన్న చిన్న పార్టీలు పుడితే వామపక్షం చీలుతుంది. నిజమైన మావోయిస్టు బృందాల మీద కన్నేసి ఉంచడానికి కూడా ఈ ముసుగు పనికొచ్చింది. ఒక సంస్థ, ఒక పార్టీ.. అటు బీజింగ్‌కూ ఇటు ఆమ్‌స్టర్‌డామ్‌కూ రెండు కిటికీలు.

మరి అసలు మావోయిస్టులు ఏమయ్యారు?

అదే దేశంలో, అదే కాలంలో నిజమైన మావోయిస్టులూ ఉన్నారు. వాళ్ల కథ మరో మలుపు తిరిగింది.

1960ల మధ్యలో రోటర్‌డామ్‌లో సీపీఎన్ నుంచి విడిపోయిన కొందరు చైనా దారి పట్టారు. వీళ్ల సంస్థే తర్వాత కేఈఎన్(ఎంఎల్) అయింది. 1970లో రోటర్‌డామ్ రేవు కార్మికులు పెద్ద సమ్మె చేసినప్పుడు ఈ మావోయిస్టుల పేరు దేశమంతా వినిపించింది. 1971లో ఈ సంస్థలో చీలిక వచ్చింది. డాన్ మోంజే నాయకత్వంలో ఒక వర్గం బయటికొచ్చి కొత్త పార్టీ పెట్టింది. మరుసటి ఏడాది, అంటే 1972లో, దాని పేరును సోషలిస్ట్ పార్టీ అని మార్చుకుంది. పొట్టిగా ఎస్పీ.

వీళ్లు మావో పుస్తకంలోంచి ఒక్క మాటను గట్టిగా పట్టుకున్నారు. 'జనంలోకి వెళ్లండి'. నిజంగానే వెళ్లారు. అద్దె ఇళ్లలో ఉండేవారి కోసం సంఘాలు పెట్టారు. ఫ్యాక్టరీల కాలుష్యం మీద పోరాడారు. దక్షిణాన ఓస్ అనే పారిశ్రామిక పట్టణంలో సొంత వైద్య కేంద్రం నడిపారు. 1974 స్థానిక ఎన్నికల్లో ఓస్, నైమెఖన్ నగర మండళ్లలో సీట్లు గెలిచారు.

పార్లమెంటు మాత్రం అంత తేలిగ్గా దక్కలేదు. 1977 నుంచి ఎన్నిసార్లు పోటీ చేసినా ఖాళీ చేతులే. మెల్లగా మావో పేరు పక్కకు జరిగింది. 1991లో మార్క్సిజం-లెనినిజం అనే మాటనూ వదిలేశారు. ఓస్‌లో ఫ్యాక్టరీ కార్మికుడిగా పనిచేసిన యాన్ మరైనిసన్ నాయకత్వంలో 1994లో తొలిసారి 2 సీట్లు వచ్చాయి. అప్పటి నినాదం కూడా సింపుల్.. వ్యతిరేకంగా ఓటేయండి, ఎస్పీకి ఓటేయండి! గుర్తు ఏంటో తెలుసా? టమాటా. నచ్చని నాయకుల మీద విసిరే టమాటా!

2006 ఎన్నికల్లో 150 సీట్లలో 25 గెలిచి దేశంలో మూడో పెద్ద పార్టీ అయింది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. 2023లో 5 సీట్లు, 2025లో 3. ఆ పార్టీ నుంచి గెలిచినవాళ్లు ప్రభుత్వమిచ్చే జీతాన్ని పార్టీకి జమ చేసి, పార్టీ ఇచ్చే తక్కువ మొత్తంతో సరిపెట్టుకోవాలన్న నియమం పాత రోజుల నుంచి వస్తున్నదే.

నకిలీ పార్టీకి బీజింగ్‌లో విందు దొరికింది. అసలు పార్టీకి ఓస్‌లో ఓటు దొరికింది. తేడా అదీ.

ఐరోపా అంతా ఇదే గాలి

నెదర్లాండ్స్ ఒక్కటే కాదు. 1968 విద్యార్థి ఉద్యమాల తర్వాత పశ్చిమ ఐరోపాలో మావో పేరు మార్మోగింది. ఫ్రాన్స్‌లో మావోయిస్టు పత్రిక సంపాదకులను అరెస్టు చేస్తే, 1970లో ప్రఖ్యాత తత్వవేత్త సార్త్ర్ స్వయంగా పారిస్ వీధుల్లో ఆ పత్రికను పంచారు. పోర్చుగల్‌లో ఎంఆర్‌పీపీ అనే మావోయిస్టు పార్టీలో విద్యార్థి నేతగా తిరిగిన జోసె మాన్యుయల్ బరోసో తర్వాత మధ్యేవాద-మితవాద పార్టీ నుంచి ఆ దేశ ప్రధాని అయ్యారు. 2004 నుంచి 2014 వరకు యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడిగానూ పనిచేశారు. బెల్జియంలో మావోయిస్టు విద్యార్థుల నుంచి పుట్టిన వర్కర్స్ పార్టీ 2024 ఎన్నికల్లో పార్లమెంటు దిగువ సభలో 15 సీట్లు గెలిచింది.

అదే గాలి భారత్‌కూ వీచింది. కాకపోతే ఇక్కడ కథ పత్రికలతో, విందులతో ఆగలేదు. 1967లో నక్సల్బరీ రైతాంగ తిరుగుబాటును చైనా పత్రిక పీపుల్స్ డైలీ 'వసంత మేఘ గర్జన' అని కీర్తించింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం రగులుకుంది. 1969 ఏప్రిల్‌లో సీపీఐ(ఎంఎల్) ఏర్పడింది. 'చైనా ఛైర్మనే మా ఛైర్మన్' అన్న నినాదం గోడలకెక్కింది. 1970లో భారత్ నుంచి వెళ్లిన పార్టీ ప్రతినిధికి చౌ ఎన్‌లై, కాంగ్ షెంగ్ ఆ నినాదం తప్పని చెప్పారు. ఇక్కడ ఆ మాటను నమ్మి కదిలినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్న రోజుల్లోనే, అదే బీజింగ్‌లో నిఘా సంస్థ మనిషి కామ్రేడ్ హోదాలో ఆతిథ్యం అందుకుంటున్నాడు.

తెర పడిందిలా..

1976 సెప్టెంబర్ 9న మావో కన్నుమూశారు. చైనా ఆర్థిక సంస్కరణల బాట పట్టింది. 1978లో అల్బేనియాతో కూడా చైనాకు చెడింది. ఐరోపాలోని మావోయిస్టు బృందాలు ఎటు వెళ్లాలో తెలియక చాలావరకు మూతపడ్డాయి. వ్యాపారం చేసుకోవడానికి పెద్ద కంపెనీలే వరుస కడుతుంటే చిన్న చిన్న పార్టీల అవసరం చైనాకు తగ్గింది.

ఎంఎల్‌పీఎన్ మాత్రం నడుస్తూనే ఉంది. చివరికి 1989లో బెర్లిన్ గోడ కూలింది. 1991లో సోవియట్ యూనియన్ చెదిరిపోయింది. అసలైన సీపీఎన్ కూడా అదే ఏడాది గ్రీన్‌లెఫ్ట్ పార్టీలో కలిసిపోయి కనుమరుగైంది. శత్రువు లేకపోయాక ఇక వేషమెందుకు? 1990ల మొదట్లో ఎంఎల్‌పీఎన్‌ను చడీచప్పుడు లేకుండా మూసేశారు.

గుట్టు రట్టయింది 2004లో. బీవీడీలో పనిచేసిన ఫ్రిట్స్ హూక్‌స్ట్రా తన అనుభవాలతో ఒక పుస్తకం రాశారు. అందులో ఈ ఆపరేషన్ సంగతి బయటపెట్టారు. విలేకరులు జాండ్‌వోర్ట్‌కు పరుగెత్తారు. రిటైరైన బూవే ఏమీ దాచలేదు. అవును, నేనే ఆ పీటర్సన్ అని ఒప్పుకున్నారు. ప్రపంచ పత్రికలన్నీ ఈ వార్తను నవ్వుతూ అచ్చేశాయి.

నవ్వు ఆగాక మిగిలే ప్రశ్న

మావోను మోసం చేశారని వింటే ఎవరికైనా సరదాగా ఉంటుంది. కానీ ఆ డజను మంది సంగతి? వాళ్లు చట్టాన్ని మీరి పార్టీలో చేరలేదు. ప్రజాస్వామ్య దేశంలో నచ్చిన పార్టీలో చేరడం పౌరుల హక్కు. ఆ హక్కును కాపాడాల్సిన ప్రభుత్వమే వాళ్ల కోసం ఒక బొమ్మ పార్టీ తయారుచేసింది. వాళ్లు నమ్మకంతో చదివిన ప్రతి వ్యాసం ఒక అధికారి టేబుల్ మీద పుట్టింది. వాళ్లు 'కామ్రేడ్' అని పిలిచిన మనిషి వాళ్ల గురించి పైకి రిపోర్టులు చేరవేసే యంత్రాంగంలో భాగం.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ ఆపరేషన్ సాగిన కాలంలో ఎక్కువ భాగం నెదర్లాండ్స్‌లో నిఘా సంస్థలకంటూ పార్లమెంటు చేసిన చట్టమే లేదు. రాజ శాసనాలతోనే పని నడిచింది. తొలి చట్టం 1987లో వచ్చింది. 2002లో కొత్త చట్టంతో బీవీడీ స్థానంలో ఏఐవీడీ ఏర్పడింది. నిఘా సంస్థలు చట్టం ప్రకారం నడుచుకుంటున్నాయో లేదో చూసే స్వతంత్ర కమిటీ కూడా అప్పుడే వచ్చింది. అప్పటికి ఎంఎల్‌పీఎన్ మూతపడి పదేళ్లు దాటింది.

బ్రిటన్‌లో ఇలాంటి వ్యవహారమే పెద్ద దుమారం రేపింది. 1968 నుంచి అక్కడి పోలీసులు మారుపేర్లతో వందల సంఘాల్లో చేరారు. కొందరైతే ఉద్యమాల్లోని మహిళలతో ఏళ్ల తరబడి కాపురాలు కూడా చేశారు. మోసపోయినవాళ్లు కోర్టుకెక్కారు. ప్రభుత్వం 2015లో బహిరంగ విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. 'దేశ భద్రత' అన్న ఒక్క మాటతో అన్నీ సర్దుకుపోవని ఆ విచారణ చూపించింది.

ఎంఎల్‌పీఎన్ కథలో అలాంటి ఘోరాలేవీ బయటికి రాలేదు. ఎవరూ జైలుకు వెళ్లలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. బీవీడీ వైపు నుంచి చూస్తే ఇది ప్రచ్ఛన్న యుద్ధంలో తక్కువ ఖర్చుతో సాధించిన గొప్ప విజయం. చైనా వైపు నుంచి చూస్తే పొగడ్తకు పడిపోయిన పెద్దలకు తగిలిన దెబ్బ.

ఆ డజను మంది వైపు నుంచి చూస్తే మాత్రం.. ఏళ్ల తరబడి భుజాన మోసిన జెండాను కుట్టించింది ఎవరో ముసలితనంలో పేపర్ చదివి తెలుసుకోవడం. ఆ లెక్క మాత్రం ఏ మాస్టారూ తేల్చలేరు.